సమాధి కూడా ఒక మజిలీయే: బంగారపు ఊళ్లలో చైనీయుల శ్మశానాలు

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, ఈశాన్యం వైపు కొండల్లో, బీచ్‌వర్త్ అని ఒక చిన్న ఊరుంది. 1852లో అక్కడి వాగుల్లో బంగారం బయటపడింది. చూస్తుండగానే అది గుడారాల పట్నమైపోయింది. ఆ ఊరి సమాధుల తోటలో ఒక భాగం మిగతాదానికి పొంతన లేకుండా ఉంటుంది. శిలువలూ పాలరాతి ఫలకాలూ దాటి వెళ్తే, పొడుగ్గా గుండ్రంగా కట్టిన రెండు బురుజులు, వాటి దగ్గర ఒక పూజావేదిక, చుట్టూ చైనా అక్షరాలు నిలువుగా చెక్కిన చిన్న చిన్న రాళ్లు కనిపిస్తాయి. ఆ భాగంలో దాదాపు 2,000 మంది చైనీయులను పూడ్చారని అంచనా. బురుజులు 1857 ప్రాంతం నాటివి.

మొదటిసారి చూసేవాళ్లకు అక్కడ అన్నీ అనుమానాలే. శ్మశానంలో బురుజులేమిటి? ఇంతమందిలో ఆడవాళ్ల పేర్లు దాదాపుగా లేవెందుకు? కాలిఫోర్నియాలో, న్యూజిలాండ్‌లోని ఒటాగోలో, బంగారం కోసం జనం ఎగబడ్డ ఇలాంటి చోట్ల చాలా చైనా సమాధులు తవ్వేసిన గుంటలుగా మిగిలాయి. ఎవరు తవ్వారు? దొంగలా, శత్రువులా? ఇవి వేర్వేరు ప్రశ్నల్లా ఉన్నా ముడి ఒక్కటే. పూడ్చినవాళ్ల లెక్కలో అది ఆఖరి సమాధి కాదు. కొన్నేళ్ల బస. తవ్వింది సొంత మనుషులే.

ముందు ఆ మనుషులెవరో చూద్దాం. వాళ్లలో చాలామంది దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం నుంచి, అందులోనూ పెర్ల్ నది డెల్టా చుట్టుపక్కల ఉన్న కొద్ది తాలూకాల నుంచి వచ్చారు. నేల చాలక, నల్లమందు యుద్ధాల తర్వాత బతుకు చితికి, తైపింగ్ తిరుగుబాటు, స్థానిక కొట్లాటలు ఊళ్లను నలిపేస్తున్న కాలం. దారి ఖర్చులకు అప్పు చేసి ఓడెక్కేవారు. 1855లో విక్టోరియా ప్రభుత్వం ఓడలో వచ్చే ఒక్కో చైనీయుడి మీద పది పౌన్ల తలపన్ను వేసింది. దాన్ని తప్పించుకోవడానికి వేలమంది పక్క రాష్ట్రం దక్షిణ ఆస్ట్రేలియాలోని రోబ్ అనే రేవులో దిగి, 400 కిలోమీటర్లకు పైగా నడిచి బంగారు పొలాలకు చేరారు. 1861 జనాభా లెక్కల్లో విక్టోరియాలో చైనీయులు దాదాపు 25 వేలు. వాళ్లలో ఆడవాళ్లు ఎనిమిదిమంది. ఎనిమిది వందలు కాదు, ఎనిమిది.

ఈ ఒక్క అంకె చావును ఎంత కష్టం చేసిందో అర్థం కావాలంటే వాళ్ల నమ్మకాల్లోకి వెళ్లాలి.

చైనా సంప్రదాయంలో మనిషికి ఒక్క ఆత్మ కాదు. తేలికైనది, పైకి పోయేది ‘హున్’. బరువైనది, శరీరాన్ని అంటిపెట్టుకుని మట్టిలో ఉండేది ‘పో’. మొదటిదాన్ని ఇంట్లోనో వంశపు గుడిలోనో పేరు రాసిన చెక్కపలకలో నిలిపి పూజిస్తారు. రెండోది సమాధిలో ఉంటుంది, దానికి ఏటా తిండీ బట్టా డబ్బూ అందాలి. అందిస్తే పితృదేవత, వంశాన్ని కాస్తుంది. అందించేవాడు లేకపోతే ఆకలి దయ్యం, ఊళ్ల మీద పడి తిరుగుతుంది. ఏడో చాంద్రమాసంలో అలాంటి దిక్కులేని వాటికోసమే ప్రత్యేకంగా అన్నం పెట్టే ఆచారం ఉంది. కాబట్టి పరాయి నేల మీద కొడుకు దగ్గర లేకుండా చనిపోవడమంటే ఒక్క ప్రాణం పోవడంతో ఆగదు. చచ్చాక కూడా దిక్కులేకుండా పోవడం.

ఇక ఎముకల సంగతి. మనకు అస్థికలు నదిలో కలిపేసేవి. గోదావరిలో వదిలాక వాటితో మనకిక పని లేదు. గ్వాంగ్‌డాంగ్‌లో లెక్క సరిగ్గా తలకిందులు. కరిగిపోవాల్సింది మాంసం, మిగలాల్సింది ఎముక. అక్కడి పల్లెల్లో పనిచేసిన మానవశాస్త్రవేత్తలు నమోదు చేసిన ప్రకారం, మాంసం తల్లివైపు నుంచి, ఎముక తండ్రివైపు నుంచి వస్తుందని నమ్మకం. కుళ్లే మాంసం మైల. అది పూర్తిగా పోయాక మిగిలే ఎముకలో వంశపు సత్తువ ఉంటుంది. ఆ ఎముకను మంచి చోట, వెనక కొండ, ముందు నీరు ఉన్న నేలలో పెడితే మనవళ్లకు సంతానం, పంట, డబ్బు కలిసొస్తాయి.

అందుకే రెండుసార్లు పూడ్చడం. మొదట మామూలుగా పెట్టెలో పెట్టి పూడుస్తారు. సుమారు ఏడేళ్లకు ముహూర్తం చూసి తవ్వుతారు. తీసిన ఎముకలను శుభ్రం చేసి, ఆరబెట్టి, ఒక్కోటీ లెక్క చూసి మట్టికుండలో అమరుస్తారు. అమర్చడానికీ ఒక వరస ఉంది. పాదాల ఎముకలు అడుగున, కాళ్లవి, నడుము, పక్కటెముకలు, చేతులు, అన్నిటికన్నా పైన పుర్రె. కుండలో మనిషి ముడుచుకుని కూర్చున్నట్టు ఉండాలి. ఇందులో తేడా వస్తే ఆ పూర్వీకుడికి ఇబ్బంది, ఆయనకు ఇబ్బంది అయితే ఇంటికి ఇబ్బంది. ఆ పని తెలిసినవాళ్లు వేరుగా ఉండేవారు. ఎవరు పడితే వాళ్లు చేయరు.

విదేశంలో ఈ పద్ధతి కొంచెం మారింది. మట్టికుండ ఓడ ప్రయాణానికి పనికిరాదు. దాని బదులు చెక్క పెట్టెలు, రేకు పెట్టెలు వచ్చాయి. పొడవు తొడ ఎముకకు సరిపోతే చాలు, ఎందుకంటే మనిషి ఒంట్లో అదే పొడుగాటి ఎముక. ఇంకో తంటా గుర్తుపట్టడం. సమాధి మీద పాతిన చెక్క ఏడేళ్లలో చెదలు తిని పోవచ్చు. అందుకని పేరూ ఊరూ రాసిన ఇటుకను శవంతోపాటే పూడ్చేవారు. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో పాత చైనా శ్మశానాలు తవ్వినప్పుడు ఇలాంటి ఇటుకలు పురావస్తువేత్తలకు దొరికాయి. పూడ్చే రోజునే తవ్వే రోజు గురించి ఆలోచించారన్నమాట.

ఈ లెక్కలో చూస్తే బీచ్‌వర్త్ రాళ్లు వేరేగా కనిపిస్తాయి. సాధారణంగా నడి వరసలో పేరు, ఒక పక్క తాలూకా, ఊరు, మరో పక్క చక్రవర్తి పాలన లెక్కలో చనిపోయిన ఏడాది. ‘ప్రియమైన భర్త’, ‘శాంతిగా నిద్రించుచున్నాడు’ లాంటి మాటలు ఉండవు. పార్సిల్ మీద చిరునామా రాసినట్టే ఉంటుంది. నిజానికి దాని పని కూడా అదే. ఆసుపత్రి, కోర్టు, మరణాల రిజిస్టర్లలో తెల్ల గుమాస్తాలు వాళ్ల పేర్లను వినపడ్డట్టు రాసుకున్నారు. ‘ఆ’తో మొదలయ్యే పేర్లు వందలకొద్దీ. ‘ఆ’ అనేది చనువుగా పిలిచేటప్పుడు ముందు తగిలించేది మాత్రమే. ఇంటిపేరు ఆ రికార్డుల్లో చాలాసార్లు దొరకదు. ముత్తాత ఏ ఊరివాడో వెతుక్కునే వారసులకు ఇప్పటికీ సర్కారు కాగితం కన్నా ఆ రాయి నమ్మకమైన ఆధారం.

బురుజుల సంగతి చెప్పలేదు కదా. అవి కాల్చే కొలుములు. చచ్చినవాళ్లకు పంపాల్సినవి, అంటే కాగితపు డబ్బు, కాగితపు బట్టలు, ప్రార్థనలు రాసిన చీటీలు, అందులో వేసి కాలుస్తారు. పొగ రూపంలో అవి అవతలికి చేరతాయని నమ్మకం. చైనా గుళ్లలోనూ ఇలాంటి కొలుములు ఉంటాయి, కాబట్టి ఇది అక్కడికక్కడ కనిపెట్టింది కాదు. కానీ వేసవిలో నిప్పురవ్వ పడితే కొండంతా అంటుకునే ఆ నేల మీద మూసి ఉన్న కొలిమి ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. బెండిగో దగ్గర వైట్‌హిల్స్ శ్మశానంలో ఒకటుంది. అమెరికాలో డెడ్‌వుడ్ అనే బంగారపు ఊళ్లో మౌంట్ మొరాయా కొండ మీద కూడా పూజావేదిక, కొలిమి కట్టుకున్నారు.

వేదిక మీద కాల్చిన పంది, కోడి, అన్నం, టీ, సారా పెట్టేవారు. శవయాత్ర పొడుగునా చిల్లులు పొడిచిన కాగితపు ముక్కలు చల్లుకుంటూ వెళ్లేవారు. వెంటపడే దయ్యం ప్రతి చిల్లులోంచీ దూరి వస్తే గానీ ముందుకు రాలేదట, ఈలోపు శవం సమాధి చేరిపోతుంది. దయ్యాన్ని కూడా ఆఫీసు ఫార్మాలిటీలతో ఆపే ఈ ఆలోచన నాకు తెగ నచ్చుతుంది. ఆనాటి ఇంగ్లిషు పత్రికలు ఇదంతా వింత తమాషాగా రాశాయి. టపాసులు, తాళాలు, పంది మాంసం వర్ణిస్తూ కాలమ్‌లు నింపాయి. ఎందుకు చేస్తున్నారో అడిగి రాసినవి తక్కువ. ఏప్రిల్ మొదట్లో వచ్చే చింగ్‌మింగ్, తొమ్మిదో చాంద్రమాసం తొమ్మిదో నాడు వచ్చే చుంగ్ యుంగ్, ఈ రెండు రోజులూ సమాధులు ఊడ్చి, గడ్డి పీకి, నైవేద్యం పెట్టడానికి తప్పనిసరి. పెట్టిన తిండి కాసేపయ్యాక తెచ్చినవాళ్లే తింటారు. దేవుడికి పెట్టింది ప్రసాదంగా తినడం తెలిసిన మనకు అందులో వింతేమీ కనిపించదు.

సరే, తండ్రిని తవ్వి తీయాల్సిన కొడుకు చైనాలో ఉన్నాడు. మరి ఎవరు తీస్తారు? ఇక్కడే తాలూకా సంఘాలు వచ్చాయి. ఒకే తాలూకా వాళ్లంతా కలిసి పెట్టుకున్న ఈ సంఘాలు పని చూపించేవి, తగవులు తీర్చేవి, జబ్బు చేస్తే చూసేవి. చచ్చాక కొడుకు చేయాల్సింది చేసేవి. మెల్‌బోర్న్‌లో సీ యాప్ సంఘం 1856లోనే గుడి కట్టింది. అక్కడి హాళ్లలో ఇప్పటికీ వేల సంఖ్యలో మృతుల పేరు పలకలు ఉన్నాయి. శరీరం ఏ గనిలో పోయినా ఆత్మకు ఒక చోటు దొరికింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇలాంటి సంఘాల కూటమిని ‘సిక్స్ కంపెనీస్’ అనేవారు. చైనాకు తిరిగి వెళ్లేవాడు సంఘానికి బాకీలన్నీ కట్టి చీటీ తెచ్చుకుంటే గానీ ఓడ కంపెనీలు టికెట్టు ఇచ్చేవి కావు. ఆ చందాల్లో కొంత ఎముకల ఖర్చుకు పోయేది. ప్రాణాలతో వెళ్తున్నవాడు చచ్చినవాడి టికెట్టు కొంటున్నట్టు.

ఏడేళ్లకో పదేళ్లకో సంఘం మనుషులు రిజిస్టరు పట్టుకుని ఊరూరా తిరిగేవారు. గనుల ఊళ్లన్నిటిలో సమాధులు తవ్వి, పెట్టెలు నింపి, రేవుకు చేర్చి ఓడెక్కించేవారు. ఓడలు హాంకాంగ్‌కు. అక్కడ 1870లో చైనా వర్తకులు స్థాపించిన టుంగ్ వా హాస్పిటల్ పెట్టెలను దింపుకుని, శవపేటికల కోసమే కట్టిన భవనంలో భద్రపరిచి, తాలూకాల వారీగా విడదీసి, పల్లెలకు కబురు పంపేది. ఎవరూ రాకపోతే ధర్మ సమాధుల్లో పూడ్చేవారు. 1899లో ఆ శవాగారాన్ని శాండీ బే దగ్గరికి మార్చారు. ఇప్పటికీ ఉంది. టెలిఫోన్ లేని రోజుల్లో, మూడు ఖండాల నుంచి వచ్చిన ఎముకలను ఏ పల్లెవి ఆ పల్లెకు చేర్చిన ఆ పని చూస్తే, అది మతాచారమా, లాజిస్టిక్సా అని అనుమానం వస్తుంది. నా ఉద్దేశంలో రెండోది లేకుండా మొదటిది ఒక్కరోజు కూడా నడిచేది కాదు.

దీన్ని తెల్లవాళ్లు చదివిన తీరు వేరు. ‘చూశారా, వీళ్లకు ఎముకలు కూడా ఇక్కడ ఉంచడం ఇష్టం లేదు, ఇలాంటివాళ్లు ఈ దేశంలో కలుస్తారా’ అని చైనా వ్యతిరేక రాజకీయ నాయకులు దీన్నో సాక్ష్యంగా వాడుకున్నారు. ఈ వాదన బాగా పాకింది, ఇప్పటికీ మర్యాదైన మాటల్లో వినిపిస్తుంది. అందులో రెండు పొరపాట్లున్నాయి. ఒకటి, చైనా లోపల కూడా పరాయి పట్నంలో చనిపోయినవాళ్లను సొంతూరికి చేర్చడం మామూలే. వలస వ్యాపారుల సంఘాలు చైనా నగరాల్లో శవాల గిడ్డంగులు నడిపేవి. కాబట్టి అది ఆస్ట్రేలియా మీదో అమెరికా మీదో తీర్పు కాదు. రెండు, ఉండిపోదామనుకున్నా ఎలా ఉంటారు? 1857 జూలై 4న బీచ్‌వర్త్‌కు దగ్గర్లోని బక్లండ్ లోయలో తెల్ల గనికార్మికులు చైనీయుల గుడారాల మీద పడి, దోచుకుని, కొత్తగా కట్టుకున్న గుడిని తగలబెట్టి, సుమారు రెండు వేలమందిని తరిమేశారు. కొందరు చనిపోయారు. అప్పటి బీచ్‌వర్త్ పోలీసు అధికారి రాబర్ట్ ఓహారా బర్క్ బలగంతో వెళ్లాడు. కోర్టులో జ్యూరీ పెద్ద నేరాలకు ఎవరినీ దోషులుగా తేల్చలేదు. తర్వాత అమెరికాలో 1882 నాటి బహిష్కరణ చట్టం, ఆస్ట్రేలియాలో 1901 వలస నిరోధక చట్టం. భార్యను తెచ్చుకోలేని, పౌరుడు కాలేని మనిషి ఎముకలు ఇంటికి పోవాలని కోరుకుంటే తప్పు పట్టడం విడ్డూరం.

ఎముకలు తీసుకెళ్లడం కూడా తేలిక కాలేదు. 1878లో కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది. సమాధి తవ్వి శవాన్ని తరలించాలంటే అనుమతి కావాలి, ఒక్కో శవానికి పది డాలర్లు కట్టాలి. చెప్పిన కారణం ప్రజారోగ్యం. చట్టంలో చైనీయులు అన్న మాట లేదు, కానీ వాళ్లు తప్ప ఆ పని చేసేవాళ్లూ లేరు. కోర్టుకెళ్తే 1880లో చట్టం చెల్లుతుందనే తీర్పొచ్చింది. ఉండనివ్వరు, పోనివ్వరు.

ఇంత ఏర్పాటు ఉన్నా బీచ్‌వర్త్ లాంటి చోట్ల ఇంతమంది ఎందుకు మిగిలారు? అందరికీ ఈ గొలుసు అందలేదు కాబట్టి. సంఘం బలంగా ఉన్న తాలూకా వాళ్ల ఎముకలు వెళ్లాయి, చిన్న తాలూకా వాళ్లవి ఉండిపోయాయి. డబ్బు, పలుకుబడి ఉన్నవాళ్లు ముందు. కాలిఫోర్నియా లాంటి చోట్ల ఆడవాళ్లను, పసిపిల్లలను సాధారణంగా తీసుకెళ్లలేదు. వంశం ఎముక మగవాడిదేననే లెక్క ఇక్కడ కరుకుగా పనిచేసింది. బంగారం అయిపోయాక ఊళ్లు ఖాళీ అయ్యాయి, సంఘాలు చిక్కిపోయాయి, చెక్క గుర్తులు కాలిపోయాయి, కుళ్లిపోయాయి. కొందరైతే అక్కడే పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని, అక్కడే ఉండిపోవాలనుకున్నవాళ్లు.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఈ గొలుసు తెగిన తీరు కళ్లకు కడుతుంది. 1858లో ఫ్రేజర్ లోయ బంగారం కోసం వచ్చిన చైనీయులు అక్కడి విక్టోరియా అనే పట్నంలో (ఆస్ట్రేలియా రాష్ట్రం కాదు) స్థిరపడ్డారు. ఊరి శ్మశానంలో వాళ్లకిచ్చింది సముద్రం ఒడ్డున పల్లపు మూల. తుపానులకు అలలు సమాధులను కోసుకుపోయేవి. 1903లో చైనీయుల సంఘం హార్లింగ్ పాయింట్ అనే చోట, వెనక ఎత్తు, ముందు సముద్రం ఉన్న స్థలం కొనుక్కుని సొంత శ్మశానం పెట్టుకుంది. ఎముకల ఇల్లు ఒకటి కట్టి, కెనడా నలుమూలల నుంచి వచ్చిన పెట్టెలను అందులో పెట్టి, సుమారు ఏడేళ్లకోసారి హాంకాంగ్‌కు పంపేవారు. 1937లో జపాన్ చైనా మీద దండెత్తింది. తర్వాత అంతర్యుద్ధం, 1949లో కమ్యూనిస్టు ప్రభుత్వం. పెట్టెలు కదలలేదు. ఎనిమిది వందలమందికి పైగా ఎముకలు అరల్లో ఎదురుచూస్తూ ఉండిపోయాయి. చివరికి 1961లో తాలూకాల వారీగా 13 సామూహిక సమాధుల్లో అక్కడే పూడ్చారు.

న్యూజిలాండ్‌లో తెగింది ఇంకోలా. ఒటాగో బంగారు పొలాల్లో పన్‌యూ తాలూకా వాళ్లు ఎక్కువ. డనీడిన్ పట్నంలో చోయీ స్యూ హోయ్ అనే వర్తకుడు ఉండేవాడు. నది అడుగున ఇసుకను యంత్రాలతో తోడి బంగారం తీసే డ్రెడ్జింగ్‌ను అక్కడ లాభసాటిగా చేసి చూపించిన మనిషి. ఆయన నాయకత్వంలో సంఘం 1883లో 230 మంది అవశేషాలను తవ్వి చైనాకు పంపింది. రెండో విడతకు చందాలు పోగుచేస్తుండగా 1901లో ఆయన చనిపోయాడు. 1902 అక్టోబర్ 26న వెంట్‌నార్ అనే ఓడ 499 మంది అవశేషాలతో వెల్లింగ్టన్ నుంచి బయలుదేరింది. అందులో ఆయన పేటిక కూడా ఉంది. పేటికల బాగోగులు చూడటానికి తోడుగా కొందరు వృద్ధ చైనీయులు ఎక్కారు. మర్నాడు తరనాకి తీరం దగ్గర ఓడ రాళ్లకు తగిలింది. మరమ్మతు కోసం ఆక్లండ్ చేరదామని ఉత్తరంగా వెళ్తూ 28న హోకియాంగా దగ్గర మునిగిపోయింది. కెప్టెన్‌తో సహా 13 మంది చనిపోయారు. 499 మంది రెండోసారి పోయారు. ఆ తర్వాత న్యూజిలాండ్ నుంచి అంత పెద్ద ఎత్తున ఎముకలు పంపే ప్రయత్నం జరగలేదు.

కొన్ని పెట్టెలు, ఎముకలు నెమ్మదిగా ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. తీరంలోని తె రొరోవా, తె రరావా అనే మావోరీ తెగలవాళ్లు వాటిని ఏరి తమవాళ్లను పూడ్చే చోట్లకు దగ్గర్లో పూడ్చారు. ఎవరివో తెలియదు. కానీ ఆ సంగతి, ఆ చోటు తరం నుంచి తరానికి చెప్పుకుంటూ వచ్చారు. దాదాపు వందేళ్లకు గానీ ఆ కబురు చైనా సంతతి వాళ్ల చెవిన పడలేదు. ఓడ శిథిలం 2012లో సముద్రం అడుగున కనిపించింది. 2013 ఏప్రిల్‌లో, చింగ్‌మింగ్ రోజుల్లో, వారసులు హోకియాంగా వెళ్లి మావోరీ పెద్దలకు కృతజ్ఞత చెప్పి, కాల్చిన పంది, అగరొత్తులు, కాగితపు డబ్బుతో ఆ ఒడ్డునే పూజ చేశారు. 2021లో అక్కడ స్మారకం కట్టారు. గ్వాంగ్‌డాంగ్ చేరాల్సినవాళ్లకు న్యూజిలాండ్ తీరంలోనే నైవేద్యం అందుతోంది.